ఎర్రబడని ఉక్కు

ఆ తీగ చుట్ట మా షెడ్డుకు వచ్చిన రోజు మా నాయన చేసిన మొదటి పని, దానికి అయస్కాంతం పెట్టి చూడడం. అది టక్కున అతుక్కుంది. ఆయన అయస్కాంతాన్ని పీకి మళ్లీ పెట్టాడు, మళ్లీ అతుక్కుంది. నా వైపు జాలిగా చూశాడు.

"నిన్ను మోసం జేసినారు పాపా. ఇది స్టీలు కాదు."

కర్నూల్లో స్టీలు సామాన్లు కొనేవాళ్లంతా ఈ పరీక్ష చేస్తారు. అయస్కాంతం పట్టకపోతే మంచి స్టీలు, పడితే ఇనుముకు పూత పూసిన దొంగ సరుకు. పెళ్లిసామాన్ల అంగళ్లలో గల్లాపెట్టె పక్కనే ఒక అయస్కాంతం ముక్క పడి ఉంటుంది. వంటపాత్రల స్టీలుకు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ఈ తీగ వేరే జాతిదని చెప్పబోయాను. అప్పటికే ఆయన చుట్టను దులిపి చూసి, గోనెపట్టా కప్పి, వాపసు పంపించే సరుకుల పక్కన పెట్టేశాడు. నేను తిట్టుకుంటూ దాన్ని మళ్లీ లాక్కొచ్చుకున్నాను.

మా నాయన కమ్మరి. కోడుమూరు అవతల మా పల్లెలో మడక కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు ఆయన చేతిమీదుగానే పోయేవి. ట్రాక్టర్లు వచ్చి, కొడవళ్లు అంగట్లో రెడీమేడ్‌గా దొరకడం మొదలయ్యాక కొలిమి చల్లబడింది. ఇంట్లో కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. కర్నూలుకు నా దగ్గరికొచ్చి, రోజూ పొద్దున నా స్కూటీ వెనక ఎక్కి షెడ్డుకు వచ్చేవాడు. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, కొన్నేళ్లు వేరేవాళ్ల కార్ఖానాలో పనిచేసి, ఆఖరికి ఊరి చివర ఈ రేకుల షెడ్డు పెట్టుకున్నాను. స్ప్రింగులు చేస్తాం. రైతులు వీపుకు తగిలించుకుని మందు కొట్టే స్ప్రేయర్లకు చాలా కాలం మావే పోయాయి. తర్వాత బ్యాటరీ స్ప్రేయర్లు వచ్చాయి, వాటికి మా స్ప్రింగులు అక్కర్లేదు.

అందుకే ఆ తీగ మీద నాకంత పట్టుదల. బోరు మోటార్లు చేసే కంపెనీ ఒకటి మమ్మల్ని అడిగింది. బోరులో మోటారు పైన ఒక వాల్వు ఉంటుంది. మోటారు ఆగినప్పుడు పైపులో పైకెక్కిన నీళ్లు వెనక్కి పడకుండా మూసుకుంటుంది. దాన్ని మూసేది స్ప్రింగు. మా సీమ బోర్ల ఉప్పునీళ్లలో మామూలు ఇనుప స్ప్రింగు తుప్పు పట్టి తెగిపోతుంది. మామూలు స్టీలు స్ప్రింగుకు తుప్పు పట్టదు కానీ కొన్నాళ్లకు మెత్తబడి కుంగిపోతుంది. తుప్పూ పట్టకుండా, బిగువూ తగ్గకుండా ఉండే స్ప్రింగులను కంపెనీవాళ్లు దూరపు నగరం నుంచి తెప్పించుకుంటున్నారు. మేము చేసి చూపిస్తే మాకే ఇస్తామన్నారు. చూపించలేకపోతే మునుపటిలాగే అక్కడి నుంచి తెప్పించుకుంటారు, నా షెడ్డుకు తాళం పడుతుంది, నాతో పనిచేసే ఆడవాళ్లు మళ్లీ వేరుశెనక్కాయలు ఒలిచే కూలికి పోవాలి. తెలిసినవాళ్లు చాలామంది, ఆ తీగ పని ఈ ఊళ్లో అయ్యేది కాదు, ఉన్న గౌరవం కాపాడుకో అని సలహా ఇచ్చారు. అట్లా చెప్పకుండా ఉండుంటే నేను ఒకవేళ వెనక్కి తగ్గేదాన్నేమో. చెప్పారు కాబట్టి మొండికెత్తాను.

ఈ స్టీలుకు బలం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి తీగ తయారయ్యే చోట. ఎర్రగా కాల్చి చల్లార్చాక, ఇక వేడి అన్నది తగలనీయకుండా సన్నటి రంధ్రాల్లోంచి లాగుతారు. లాగినకొద్దీ తీగ సన్నబడుతుంది, గట్టిపడుతుంది, లోపలి కూర్పు మారిపోయి అయస్కాంతానికి అతుక్కునే గుణం వస్తుంది. రెండోసారి మా చేతిలో. చల్లగానే స్ప్రింగు చుట్టి, కరెంటు కొలిమిలో నాలుగువందల ఎనభై డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచాలి. ఆ వేడికి ఉక్కులో కలిపిన అల్యూమినియం, నికెలుతో కూడి కంటికి కనపడనంత చిన్న రేణువులుగా ఏర్పడి, ఎక్కడికక్కడ మేకులు కొట్టినట్టు లోపల పట్టుకుంటుంది. వేడి తక్కువైతే ఆ మేకులు పడవు. ఎక్కువైతే, తీగ లాగినప్పుడు వచ్చిన బలం కూడా పోతుంది. చుట్టేసిన స్ప్రింగును మళ్లీ తీగలా లాగలేం కదా, పోయిందంటే పోయినట్టే.

చుట్టడమే ఒక యుద్ధం. లేత్ మిషన్ మీద కమ్మీకి తీగను బిగించి తిప్పుతూ చుట్టాలి. చేయి వదిలితే చాలు, అది పడగెత్తి లేస్తుంది. మొదటి వారం నా మణికట్టు మీద గీసిన గీత ఇప్పటికీ ఉంది. కావాల్సిన కొలతకు కమ్మీ పెడితే స్ప్రింగు దానికంటే వెడల్పుగా విచ్చుకుంటుంది. సన్న కమ్మీ పెట్టాలి, ఎంత సన్నం అన్నది చుట్టి చుట్టి తెలుసుకోవాలి. నాతోపాటు చుట్టే ఆమె మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చింది, షెడ్డులో అందరం నేతక్క అంటాం. పడుగు దారం బిగువు చూసి చూసి అలవాటైన వేళ్లు ఆమెవి. తీగను గుడ్డలోంచి పోనిచ్చి వేళ్ల మధ్య అదిమి పట్టుకుంటే ఒక్క చుట్టు కూడా వదులు రాదు. ఇద్దరం కలిసి తీగను లొంగదీశాం. మొదటి విడత స్ప్రింగులు తళతళలాడుతూ తట్టలో పడుతుంటే నాకు అప్పుడే గెలిచేసినట్టు అనిపించింది.

ఇంతలో కమలాపురంలో ఆడబిడ్డ కూతురి సీమంతం వచ్చింది. పోకపోతే జన్మంతా మాట పడాలి. కొలిమి డిగ్రీలు సరిచేసి పెట్టి, స్ప్రింగులు లోపల పెట్టాల్సిన విధం నేతక్కకు చెప్పి, గంట మోగగానే స్విచ్చి ఆపమని మా నాయనకు చెప్పి బస్సెక్కాను. స్విచ్చి ఆపడం తప్ప ఆయనకు వేరే పనేమీ ఒప్పజెప్పలేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వచ్చేసరికి మా నాయన వాకిట్లోనే ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"నీ కొలిమి చెడిపొయింటే నేను సరిజేసినా పాపా."

ఆయన్ని దాటుకుని లోపలికి పరుగెత్తాను. లోపల గోనెపట్టా మీద స్ప్రింగులన్నీ వరసగా ఆరబెట్టి ఉన్నాయి, నల్లగా, పొరలు లేచి. పక్కన నీళ్ల బకెట్టు. ఒకదాన్ని తీసి బొటనవేలితో అదిమాను. అణిగింది. వేలు తీశాను. అణిగినట్టే ఉండిపోయింది.

జరిగింది ఆయన నోటనే విన్నాను. నేతక్క అన్నం తినడానికి ఇంటికి పోయింది. ఆయన కొలిమి తలుపుకున్న చిన్న కంతలోంచి లోపలికి చూస్తూ కూర్చున్నాడు. స్ప్రింగులు ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి, ఎరుపు అన్న మాటే లేదు. బిడ్డ పెద్ద దుడ్లు పోసి కొన్న కొలిమి కాలడం లేదని ఆయనకు బాధ కలిగింది. వేడి పెంచే గుండీ తిప్పాడు. ఇంకా తిప్పాడు. పండిన దానిమ్మగింజ రంగు వచ్చేదాకా తిప్పి, పట్టకారుతో ట్రేని లాగి, కొడవళ్లకు చేసినట్టే బకెట్టులో ముంచాడు. కమ్మరి ఇంట్లో పుట్టిన ఎవరైనా అదే చేసుండేవాళ్లు. వాళ్లకు ఎరుపే వేడి, మిగతాదంతా ఎండలో పెట్టినట్టు లెక్క.

నేను అరిచాను. షెడ్డు రేకులు అదిరేట్టు అరిచాను. చేతిలోని స్ప్రింగును గోడకేసి కొట్టాను. ఆయన మొదట నేను ఎందుకు అరుస్తున్నానో అర్థంకాక చూశాడు. తర్వాత ఒక స్ప్రింగు తీసి తనే అదిమి చూశాడు. మరొకటి చూశాడు. అన్నీ ఒకటే తీరు. తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు అవతల టీ అంగడికి పోయి కూర్చున్నాడు. సాయంత్రం దాకా తిరిగి రాలేదు. అక్కడ టీ కాసే అతనితో, మా పాప కోపం నాకంటే ఎక్కువయిందప్పా అని చెప్పుకున్నాడట. అది విని కూడా నాకు నవ్వు రాలేదు.

ఇంకొక విడతకు సరిపడా తీగ మాత్రమే మిగిలింది. కంపెనీ ఇన్‌స్పెక్టరు ఆ వారంలోనే వస్తానన్నాడు. నేతక్క తల కొట్టుకుంటూ, తను అన్నానికి పోకుండా ఉండాల్సిందని పదేపదే అంటుంటే, నోరు మూసుకుని తీగ పట్టుకోమన్నాను. మళ్లీ లేత్ ముందు నిలబడ్డాం.

కానీ నాయనను కొలిమి దగ్గరికి రానీయకుండా ఎంతకాలం ఆపను? నా షెడ్డులో నిప్పున్న చోటు అదొక్కటే, ఆయన కాళ్లు అక్కడికే పోతాయి. తాళం వేసి ఆపడం కంటే ఒప్పించడం మేలనిపించింది. పైగా, ఒప్పించలేకపోతే నా చదువెందుకు అన్న పంతం కూడా వచ్చింది. మర్నాడు మొద్దుబారిన ఉలి ఒకటి తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, దీనికి పదును పెట్టివ్వమన్నాను. తీసుకుని అంచును బొటనవేలితో తడిమి చూశాడు.

షెడ్డు వెనక బొగ్గులు రాజేసి, ఉలిని ఎర్రగా కాల్చి, కొసను మాత్రం నీళ్లలో ముంచి తీశాడు. ఇటుక ముక్కతో కొసను రుద్ది తెల్లగా చేసి, చూస్తూ కూర్చున్నాడు. పైభాగంలో ఉన్న వేడి కొసకు దిగుతుంటే దాని వెంట రంగులు పాకుతూ వచ్చాయి, ముందు లేత పసుపు, వెనక గోధుమ రంగు, ఆ వెనక ఊదా. పసుపు కొసకు తాకగానే ఉలిని మొత్తం ముంచేశాడు. ఇది ఆయన వేలసార్లు చేసిన పని. చిన్నప్పుడు నేను పక్కనే కూర్చుని చూసిన పని.

"రంగు దిగేటప్పుడు ఉలి ఎర్రగ ఉండాదా నాయనా?" అని అడిగాను.

"యాడ ఉంటాది? ఎరుపు పొయినాకనే కదా ఇది."

"మరి వేడి ల్యాకనే రంగు వచ్చిందా?"

ఆయన నా వైపు చూశాడు. మా నాయన మొండివాడే కానీ మందమతి కాడు. బీడీ వెలిగించి సగందాకా తాగి, నీ తీగకు ఎరుపు యాడ అయిపోయింది మరి అని అడిగాడు. తీగ లాగినవాళ్లే ఎరుపు పని ముగించి పంపారని, మనకు మిగిలింది ఈ పసుపు పని ఒక్కటేనని చెప్పాను. రేణువుల సంగతి, నికెలు సంగతి ఏవీ చెప్పలేదు, అక్కర్లేదు కూడా. ఆయన బీడీ ముక్కను నేలకేసి నలిపి, అదేదో ముందే చెప్పి సావకూడదా అన్నాడు. మాకిద్దరికీ రాజీ అంటే అదే.

రెండో విడత స్ప్రింగులను సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరనిచ్చాం. చెమట వేలిముద్ర పడితే కొలిమిలో అది మచ్చగా కాలుతుంది. కర్నూలు ఎండలో చెమట పట్టని చేయి ఎక్కడ దొరుకుతుంది? నేతక్క చేతులకు ఉతికిన పాత చీరముక్కలు చుట్టుకుని ఒక్కొక్కటే ట్రేలో పేర్చింది. కొలిమి మూశాను. మా నాయన కంత ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. లోపల చీకటిగా, చడీచప్పుడు లేకుండా ఉంది. మధ్యలో ఒకసారి గుండీ వైపు చూసి, నన్ను చూసి, తల తిప్పుకున్నాడు.

గంట మోగింది. ట్రే లాగాను. నేతక్క నీళ్ల బకెట్టును ముందే రోడ్డుమీద పెట్టి వచ్చింది, అంత భయం ఆమెకు. ముంచడం లేదు, ఊదడం లేదు, గాలికి వదిలేశాం. తెల్లగా లోపలికి పోయిన స్ప్రింగులు పసుపు మీద గోధుమ కలిసిన రంగులో బయటికొచ్చాయి, అన్నీ ఒకే రంగు. మా నాయన వంగి చూసి, "ఉలి రంగే" అన్నాడు నెమ్మదిగా.

చల్లబడగానే ఆయన ఒకటి తీసుకుని, బల్లకు బిగించిన వైసు దవడల మధ్య పెట్టి, చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునేదాకా బిగించేశాడు. బిగించి వదిలేశాడు. నేను తీయమంటే తీయలేదు. రోజంతా అట్లాగే ఉంచాడు, నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఒక్క పనీ చేతికి ఎక్కలేదు. పొద్దు వాలాక వచ్చి వైసు పిడి ఒక్క తిప్పు తిప్పాడు. స్ప్రింగు వైసులోంచి ఎగిరి, పైకప్పు రేకుకు ఠంగుమని తగిలి, నేతక్క అన్నం డబ్బాలో పడింది. ఆమె చెంగుతో తుడిచి నాకిచ్చింది. కొలిచాను. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నేను ఆ షెడ్డు మధ్యలో ఒక గెంతు గెంతాను. నా వయసుకు, నా ఒంటికి అది తగిన పని కాదు, అయినా గెంతాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్న వయసువాడే, పని తెలిసినవాడు. తన మిషన్ కారు డిక్కీలోంచి దించుకుని, మా స్ప్రింగులను ఒక్కొక్కటే అదిమి ఎంత బరువు మోస్తున్నాయో చూశాడు. ఉప్పునీళ్లలో నానబెట్టి పరీక్షించడానికి కొన్ని మూట కట్టుకున్నాడు. వేడి పని ఎక్కడ చేయించారని అడిగాడు. ఈడనే అని, వెనక ఉన్న కొలిమి చూపించాను. నమ్మనట్టు కాకుండా, పద్ధతి ప్రకారం తన ఎదుట ఒకసారి చేయాలని మర్యాదగా అడిగాడు. తీగ చివరి ముక్కతో చుట్టి, ఇంకా కొలిమిలో పెట్టని కొద్దిపాటి స్ప్రింగులు మిగిలి ఉన్నాయి. పెట్టాను.

ఆ గంటసేపు నాకు పని లేకుండా పోయింది. ఇన్‌స్పెక్టరుకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించాను. అతను తింటూ కంతలోంచి చూడబోతే మా నాయన స్టూలు దగ్గరకు జరుపుకుని పాఠం మొదలుపెట్టాడు. ఇది కొడవలి కాదప్పా, ఎరుపు కోసం సూడొద్దు, ఎరుపు వస్తే సచ్చినట్టే, శానామంది ఈడనే తప్పు జేస్తారు అని. ఆ శానామందిలో తనొక్కడే ఉన్నాడన్న సంగతి ఆయన ముఖంలో ఎక్కడా కనపడలేదు. ఇన్‌స్పెక్టరుకు అదంతా నాకంటే బాగా తెలుసు. అయినా బజ్జీ చేత్తో పట్టుకుని, అవునా తాతా అంటూ శ్రద్ధగా విన్నాడు. నేతక్క నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

ట్రే తీశాం. అదే రంగు. అదే బలం. కొన్నాళ్లకు ఉప్పునీళ్ల పరీక్ష కూడా దాటిందని ఫోను వచ్చింది. ఆర్డరు మాదే. ఆ ఫోను పెట్టేసి షెడ్డులో ఉన్న అందరికీ వినపడేట్టు చెప్పాను. చెప్పింది చాలక రోడ్డు దాటిపోయి, సలహాలు ఇచ్చినవాళ్లు కూర్చునే టీ అంగడిలో కూడా చెప్పాను. గెలిచినప్పుడు గొంతు తగ్గించుకోవడం నాకు చేతకాదు.

మా స్ప్రింగులున్న వాల్వులు వేసిన మోటార్లు బయటికొచ్చాక, వాటిలో ఒకటి మా పల్లెకే పోయింది. దించేరోజు మా నాయన పట్టుబట్టి నన్ను తీసుకుపోయాడు. ఆ రైతు బోరు చాలా లోతు, నీళ్లు ఉప్పన. ఇన్నేళ్లూ పాత వాల్వు సరిగా మూసుకోక, కరెంటు పోయిన ప్రతిసారీ పైపు నిండా ఉన్న నీళ్లు దబ్బున కిందికి జారేవి. ఆ జారుడుకు మోటారు వెనక్కి తిరిగేది, అట్లా తిరిగేటప్పుడే మళ్లీ కరెంటు వచ్చి రెండుసార్లు షాఫ్టు విరిగింది. రైతు కొత్త మోటారు ఆన్ చేశాడు, నీళ్లు వచ్చాయి. ఆపాడు. అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం. బోరులోంచి ఏ చప్పుడూ రాలేదు. రైతు కంగారుపడి, ఏమైందప్పా, నీళ్లు పడే సప్పుడే ల్యాదే అన్నాడు. మా నాయన మళ్లీ ఆన్ చేయమన్నాడు. స్విచ్చి పడీపడగానే పైపు మూతినిండా నీళ్లు దూకి నా చీర తడిపేశాయి.

ఈ సామాను యాడ చేసినారు, పట్నంలోనా అని అడిగాడు రైతు. ఊళ్లోవాళ్లు చుట్టూ మూగారు. ఈ ఊరి కొడవళ్లన్నీ చేసిన మనిషి, పని విషయంలో ఇంకొకరిని మెచ్చుకోగా నేను ఎన్నడూ వినని మనిషి, అందరి ముందూ తువ్వాలు సర్దుకున్నాడు.

"మా పాప చేసిండాది. నేను ఒగసారి చెడగొట్టినా. మళ్లా చేసింది."

నేను నీళ్ల ముందు నుంచి కదలకుండా అక్కడే నిలబడి, తడుస్తూ, గట్టిగా నవ్వాను.